మా అత్తయ్య ప్రార్థనలో కార్ల పేర్లు

మా అత్తయ్యకు దేవుడి మీద నమ్మకం ఎంత ఉందో, ఆయన పని ఒత్తిడి మీద జాలి కూడా అంతే ఉంది. "లోకంలో ఎన్ని బర్రెలున్నయ్యమ్మాయ్? ఊరికే 'బర్రెని బాగుచెయ్యి ప్రభువా' అంటే ఆయన ఏ బర్రెని చూడాల?" అంటుంది. అందుకని ఆమె ప్రార్థనలో ప్రతిదానికీ పేరుండాలి, గుర్తుండాలి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, పక్కింటివాళ్ళ బర్రె మేత ముట్టకపోతే అత్తయ్యను పిలుచుకుపోయారు. ఈమె కళ్ళు మూసుకుని, "నల్లదాన్ని కాదు తండ్రీ, కుడికొమ్ము విరిగిందే, అదీ" అని దేవుడికి విడమరిచి చెబుతుంటే నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కింటావిడ మాత్రం నవ్వలేదు. "అవునవును, కుడికొమ్మే" అని సాయం వచ్చింది.

మేముండేది పర్చూరు శివార్లలో ఒక పేటలో. అత్తయ్య ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు అల్లింది. మిరప కోతలకు పోయింది, పత్తి తీసింది. చదువు రాదు. బైబిలు వాక్యాలు మాత్రం విని విని అధ్యాయాలకు అధ్యాయాలు నోటికి వచ్చు. మా చర్చిలో పాస్టరు అయ్యగారి తర్వాత ప్రార్థనకు నిలబెట్టేది ఆమెనే. విత్తనాలు నాటే ముందు కొందరు రైతులు సంచి తెచ్చి ఆమె ముందు పెట్టేవాళ్ళు. వాళ్ళలో బొట్టు పెట్టుకునే ఇళ్ళవాళ్ళూ ఉండేవారు. ఆమె సంచి మీద ఏం రాసుందో చదివించుకుని, ఆ పేరూ ఆ నంబరూ తప్పు పోకుండా దేవుడికి అప్పజెప్పేది.

మా వైపు ఎవరన్నా బండి కొంటే హిందువుల ఇళ్ళలో గుడికి తీసుకెళ్ళి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. మావాళ్ళు చర్చి ముందు నిలబెడతారు, లేదంటే ఇంటి దగ్గరే ప్రార్థన కూడిక పెడతారు. అయ్యగారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. తర్వాత పెద్దవాళ్ళలో ఒకరు చేస్తారు. చివర అందరూ కలిసి "ఆమేన్" అంటారు. అప్పుడు కానీ బిర్యానీ గిన్నె మూత తీయరు.

అంబాసిడర్లూ జీపులూ ఉన్న కాలంలో అత్తయ్యకు ఏ ఇబ్బందీ లేదు. అంబాసిడర్ అనేది దొరల మాటే అయినా మన నోళ్ళలో నాని నాని మెత్తబడిపోయింది. తర్వాత తర్వాత కొరియా బళ్ళు, జపాను బళ్ళు, జర్మనీ బళ్ళు మా సందుల్లోకి రావడం మొదలుపెట్టాయి. వాటి పేర్లు ఆ కొనుక్కున్నవాళ్ళకే సరిగా తెలియవు. ఒకే ఇంట్లో తండ్రి 'హుండాయ్' అంటే కొడుకు 'హ్యుందాయ్' అనేవాడు. అత్తయ్య మాత్రం ప్రతి బండి పేరూ ముందే అడిగి తెలుసుకుని, నోట్లో తిప్పుకుని, తనకు అందినంత పలికేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు. ప్రార్థన కదా.

నేను ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఉచ్చారణ విషయంలో నాకు కాస్త చాదస్తం ఉందని మా ఆయన అంటాడు. కోపం ముక్కు మీదే ఉంటుందని కూడా అంటాడు. రెండూ నిజమే. అవి లేకపోతే తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెప్పలేం.

మా ఆయన పెద్దమ్మ కొడుకు, నాకు మరిది వరస, గుంటూరులో ఉంటాడు. రెండేళ్ళ కిందట కొత్త కారు కొన్నాడు. జర్మనీ వాళ్ళ వోక్స్‌వ్యాగన్. ఇంటి దగ్గర కూడిక పెట్టి అత్తయ్యను ప్రత్యేకంగా రమ్మన్నాడు. ఆ రోజు నాకు పరీక్షల డ్యూటీ ఉండి వెళ్ళలేకపోయాను. ముందురోజు సాయంత్రం మాత్రం అత్తయ్య నా వెంట పడింది.

"ఆ కారు పేరేంది, ఇంకోసారి చెప్పమ్మాయ్."

చెప్పాను. కూర కలుపుతూ చెప్పుకుంది, బట్టలు మడతపెడుతూ చెప్పుకుంది. వాక్యం కంఠస్థం చేసినట్టే చేసింది. మర్నాడు బస్సులో గుంటూరు దాకా పెదవులు కదుపుతూనే ఉందని మా ఆయన తర్వాత చెప్పాడు.

తీరా అంతమందిలో బానెట్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకునేసరికి ఆ పేరు ఆమె నోటికి అడ్డం తిరిగింది. "నీవు దయచేసిన ఈ ఓకుసు..." అని ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, "ఓకుసు యాగను" అంది. వెనక నిలబడ్డ కుర్రకారు కిసుక్కుమన్నారు. ఆమె ఆపలేదు. పేరు చెప్పక తప్పదు కదా, ఇంకోసారి చెప్పింది. ఈసారి పెద్దవాళ్ళు కూడా నవ్వారు. ఎవరో ఫోన్‌లో తీశారు. రాత్రి అయ్యేసరికి ఆ వీడియో మా బంధువుల గ్రూపులో పడింది. కింద నవ్వీ నవ్వీ కన్నీళ్ళు కారుతున్న పసుపుపచ్చ బొమ్మల వరస.

ఇంట్లో మేమెవరమూ ఆమెకు చెప్పలేదు. కానీ బంధువులున్నది దేనికి? ఎవరో చూపించేశారు, సరదాకే. అత్తయ్య ఫోన్ దూరంగా పెట్టుకుని చివరిదాకా చూసిందట. తనూ నవ్విందట. ఫోన్ జాగ్రత్తగా తిరిగి ఇచ్చేసిందట.

ఆ ఆదివారం చర్చిలో అయ్యగారు, "అమ్మా, మీరు ప్రార్థన చెయ్యండి" అన్నారు. అత్తయ్య లేవలేదు. "గొంతు బాలేదయ్యగారూ" అంది. తర్వాతి ఆదివారం కూడా గొంతు బాలేదు. శుక్రవారం ఉపవాస కూడికలో స్త్రీలంతా వంతులవారీగా ప్రార్థన చేస్తుంటే తన వంతు పక్కావిడకు జరిపింది. ఇంటికి ఎవరన్నా వచ్చి, "మా మనవరాలికి జొరం తగ్గట్లా, ఒక్కమాట చెప్పు" అంటే, "నేను మనసులో చేసుకుంటాలే, నువ్వు పో" అనేది.

ఈ ఇంట్లో నాకు తెల్లవారేది ఆమె గొంతుతోనే. దొడ్లో తులసిమొక్క లాంటిది ఏదీ లేదు మాకు. వేపచెట్టు కింద నవారు మంచం ఉంది. దాని మీద కూర్చుని పేటలో ఉన్న ప్రతి ఇంటినీ పేరుపేరునా దేవుడి ముందు పెట్టేది. మొదట్లో నిద్ర చెడుతుందని విసుక్కునేదాన్ని. ఆ వీడియో తర్వాత ఆ మంచం మీద ఆమె ఊరికే కూర్చునేది. కాకులు, పాలవాడి బండి, కుళాయి చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. దిగులేసింది. దిగులేస్తే నాకు కోపం వస్తుంది.

కోపం వచ్చింది. చదువుకున్నదాన్ని కాబట్టి పరిశోధన చేశాను. ఒక సెలవురోజు ఫోన్ పట్టుకుని కూర్చుని, ఏ దేశం వాళ్ళు ఏ కారును ఏమంటారో వరసగా వింటూ పోయాను. విన్నకొద్దీ నాకు ఉత్సాహం వచ్చింది. జర్మనీ వాళ్ళు తమ బండిని 'ఫోల్క్స్ వాగెన్' అంటారు. మా మరిది అంటున్న 'వోక్స్ వ్యాగన్' ఇంగ్లీషు వాళ్ళు నలిపి ఇచ్చింది. మనం బి.ఎం.డబ్ల్యు అని మూడు ముక్కలుగా గొప్పగా చెప్పేదాన్ని వాళ్ళు 'బే ఎమ్ వే' అంటారు. అదే బండిని చైనా వాళ్ళు 'బావ్ మా' అంటారట, అంటే మేలుజాతి గుర్రమని. వాళ్ళు నోరు తిప్పుకోవడం మానేసి ఏకంగా పేరే మార్చేశారు. స్కోడాను దాని సొంత దేశంలో 'ష్కోడా' అంటారు. కొరియా బండిని అమెరికా వాళ్ళు 'హన్డే' అని సండేకు తమ్ముణ్ణి చేశారు. ఇంగ్లండులో చాలామంది 'హయాండై' అనేవాళ్ళట. ఫ్రాన్సు బండి పేరులో చివర రెండు అక్షరాలు రాసి పెట్టుకుంటారు కానీ పలకరు. 'రెనో' అంటారు, అదీ గొంతులోంచి, పుక్కిలించినట్టు.

అంటే ఏ బండీ సముద్రం దాటి సొంత పేరుతో ఏ ఊరూ చేరలేదు. ఆ మాటకొస్తే మా పేటలో సగం మంది పేర్లూ అలా వచ్చినవే. ఎక్కడో యూదయ దేశంలో పుట్టి, గ్రీకులో ఒకలా, ఇంగ్లీషులో ఇంకోలా మారి, దొరల ఓడల్లో ఇక్కడికి దిగి, చివరికి మా నల్లరేగడి మట్టిలో అమ్మలూ అయ్యలూ తగిలించుకుని స్థిరపడ్డాయి. నవ్విన కుర్రాళ్ళ పేర్లూ అవే. నా పేరూ అదే. సర్టిఫికెట్లో ఇంగ్లీషులో ఒకలా ఉంటుంది, తెలుగు బైబిల్లో ఒకలా ఉంటుంది, అత్తయ్య నోట్లో మూడో రకంగా ఉంటుంది. ఇన్నేళ్ళుగా దేవుడు ఆ మూడో రకంతోనే నన్ను గుర్తుపడుతున్నాడు.

ఇదంతా కలిపి మా మరిదికి వాయిస్ మెసేజ్ పెట్టాను. క్లాసులో కూడా అంత గట్టిగా మాట్లాడి ఉండను. "నువ్వు కొన్న బండి పేరు నీకే రాదు. ముందు జర్మనీ వెళ్ళి నేర్చుకునిరా, తర్వాత మా అత్తయ్యను చూసి నవ్వుదువుగాని" అన్నాను. పాపం, వాడు మంచివాడే. "సారీ వదినా, సరదాకి పెట్టారు వదినా" అని గ్రూపులోంచి ఆ వీడియో తీసేయించాడు. మర్నాడు వాడే అత్తయ్యకు ఫోన్ చేసి క్షమించమన్నాడు. అత్తయ్య, "దానికేముందిలేరా, బండి జాగ్రత్తగా తోలుకో" అంది.

ఇక పని అయిపోయిందనుకున్నాను. అత్తయ్య పచ్చడికి పండుమిరపకాయల తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చుని దేశదేశాల పలుకుబడి అంతా వినిపించాను. ఆమె శ్రద్ధగా వింది. చైనా వాళ్ళు గుర్రమన్న దగ్గర నవ్వింది కూడా.

"చూశారా అత్తయ్యా, ఎవరికీ సరిగ్గా రాదు. మీ ఒక్కరిదే తప్పు కాదు."

"అయితే అందరిదీ తప్పే అంటావు."

"అదే కదా."

"తప్పుకు తోడు దొరికితే తప్పు పోద్దా అమ్మాయ్?" అని ఇంకో గుప్పెడు కాయలు దగ్గరకు లాక్కుంది.

నా పరిశోధన అంతా బూడిదలో పోసిన పన్నీరయింది. మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ కాకులే.

మా ఆయన గుంటూరు దగ్గర ఒక మిరప ఎగుమతి సంస్థలో సరుకు నాణ్యత చూసే పని చేస్తాడు. కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు విప్పించడం, రంగూ ఘాటూ చూడడం ఆయన పని. అప్పుడప్పుడు విదేశాల నుంచి కొనుగోలుదార్లు వస్తారు. ఆ ఏడాది వేసవిలో కొరియా నుంచి ఒకాయన వచ్చాడు. హోటళ్ళ తిండితో విసిగిపోయి, ఇంటి భోజనం దొరుకుతుందా అని అడిగాడట. మా ఆయన నాకు ఒక్క ఫోన్ కొట్టి, నేరుగా తీసుకొచ్చేశాడు.

యాభై ఏళ్ళ మనిషి, మెత్తటివాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మేమే ఆశ్చర్యపోయేట్టు తిన్నాడు. గోంగూర పచ్చడి మూడుసార్లు వేయించుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా చెయ్యి ఆపలేదు. అత్తయ్యకు ఆయన తెగ నచ్చేశాడు. మా ఆయన కార్ల సంగతి ఎత్తాడు. ఆఫీసు కారు కొరియాదే. దాన్ని మీరేమంటారని అడిగితే ఆయన 'హ్యన్ దే' అని చాలా మామూలుగా, ఇంటి మనిషి పేరు చెప్పినట్టు చెప్పాడు. మేము పలికేది వినిపిస్తే నవ్వి, "అదీ బాగుంది" అన్నాడు.

ఆయన మూడు రోజుల కిందట మా ఆయనతో పిడుగురాళ్ల వైపు వెళ్ళి వచ్చాడు. దారంతా తెల్లటి సున్నపు దుమ్ము కప్పుకున్న చెట్లను చూశాడట. ఆ ఊరి పేరేమిటని ఇప్పుడు నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన ప్రయత్నించాడు. 'పి' వచ్చింది, 'డు' వచ్చింది, చివరి 'రాళ్ల' దగ్గర నాలుక ఎటు మడవాలో తెలియక ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మా ఆయన పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వుతున్నాడు.

అత్తయ్య మజ్జిగ గిన్నె కిందపెట్టింది. "నవ్వబాకండి" అంది, గట్టిగా. "పరాయి దేశం నుంచొచ్చి, మన ఊరి పేరు అడిగి మరీ పలుకుతున్నాడు. ఎంతమంది అడుగుతారట్టా?" ఆయన వైపు తిరిగి, చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా, "పిడుగు... రాళ్ల" అంది. ఆయన ఆమె నోటి వైపే చూస్తూ పలికాడు. అందులో సగం కూడా రాలేదు. "ఆఁ, వచ్చింది, చాలు" అని మజ్జిగ పోసింది.

ఆయన్ను సాగనంపి వచ్చాక నేను ఆగలేకపోయాను.

"ఆయన నోరు తిరక్కపోతే తప్పు కాదు, మీ నోరు తిరక్కపోతే తప్పా అత్తయ్యా? ఆయన మీద చూపించిన కనికరం మీ మీద మీరు చూపించుకోకూడదా?"

ఆమె విస్తరాకులన్నీ ఎత్తింది. తర్వాత నడుం నిటారు చేసుకుంది.

"నేను పేరు తప్పు పలికానని మాట్లాడకుండా ఉన్నాననుకుంటన్నావా? నాకు ఏ పేరు సరిగ్గా వచ్చింది కనుక? నవ్వారు. నవ్వనీ. నేను ప్రార్థన అయిందనిపించాను. ఒక్కళ్ళు కూడా ఆమేన్ అన్లేదమ్మాయ్. నవ్వుకుంటా ఉండిపోయారు. నేనొక్కదాన్నే ఆమేన్ అనుకుని చెయ్యి తీసుకున్నా."

మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆ రోజు ఆయన అక్కడే ఉన్నాడు. చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

మా కూడికల్లో ప్రార్థన చేసేది ఒకరే అయినా ముగించేది అందరూ. అందరూ ఆమేన్ అంటేనే అది అందరిదీ అవుతుంది. లేకపోతే ముడి వెయ్యని మూటలా నడివీధిలో విడిపోయి ఉంటుంది. అత్తయ్య అన్నేళ్ళుగా పేట పక్షాన దేవుడితో మాట్లాడుతోంది. ఆమె వెనక పేట ఉందన్న ధైర్యంతో మాట్లాడుతోంది. ఆ రోజు వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. నేను దేశాలన్నీ తిరిగి తెచ్చిన ఉచ్చారణలు ఆమెకు ఎందుకు పనికొస్తాయి?

ఆ ఏడాదే బదిలీల్లో నాకు అద్దంకి అవతల ఒక ఊళ్ళో హైస్కూలు వచ్చింది. బస్సులు సరిగ్గా లేవు. రెండు బస్సులు మారి, ఆటో ఎక్కి వెళ్ళాలి. డ్రైవింగ్ నేర్చుకున్నాను. నాకు నేర్పినాయన, "మేడం, మీరు హారన్ మీద కోప్పడకండి, ముందు గేరు మార్చండి" అని బతిమాలేవాడు. తర్వాత చిన్న పాత కారు ఒకటి కొన్నాం. తెల్లది. ఎడమవైపు తలుపు మీద పొడుగ్గా గీత ఉంది. ఫ్రాన్సు వాళ్ళది.

దాని పేరు మా వీధిలో నాలుగు రకాలయింది. మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పగా 'రెనో' అనేవాడు. పక్కింటాయన 'రెనాల్ట్' అనేవాడు. పర్చూరు మెకానిక్కు 'రినాల్టు'. నేను పుక్కిలించి పలికి చూపిస్తే మా ఆయన నీళ్ళు తెచ్చిచ్చాడు. అత్తయ్య మాత్రం 'అమ్మాయి కారు' అనేది. అన్నిటికీ పేరు కావాలనే మనిషి ఆ బండి పేరు ఒక్కసారి కూడా నోట పట్టలేదు. అడగనూ లేదు.

ఆదివారం చర్చి ముందు నిలబెట్టాం. అయ్యగారు చెయ్యి వేసి, "ఈ వాహనమును ఆశీర్వదించుము" అని గ్రంథభాషలో చక్కగా చేశారు. తర్వాత అత్తయ్య వైపు చూశారు. మా ఆయన, "అమ్మా" అన్నాడు. అత్తయ్య ముసుగు సరిచేసుకుని నేల చూసింది. అయ్యగారే ఇంకోమాట కలిపి ముగించారు. అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే నెమ్మదిగా అన్నది ఆమె.

నాకు ఏడుపొచ్చింది. ఊళ్ళో వాళ్ళ బర్రెలకూ విత్తనాలకూ చేసిన ప్రార్థన నా బండికి దొరకలేదు. అయ్యగారిది చాలదా అంటే, చాలదు. ఆ రోడ్డు తలుచుకుంటే నాకే భయంగా ఉంది. అద్దంకి దగ్గర నార్కెట్‌పల్లి రోడ్డు ఎక్కాలి. పిడుగురాళ్ల వైపు నుంచి సున్నం లారీలూ సిమెంటు లారీలూ ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. వాటి పక్కన నా చిన్న కారు వెళ్ళాలి. అందులో ఒక్కదాన్నే ఉంటాను.

స్కూళ్ళు తెరిచే రోజు వచ్చింది. ముందురోజు మొదటి వాన పడి సందంతా నల్లబురద. పొద్దున్నే మా ఆయన గుంటూరు వెళ్ళిపోయాడు. నేను కారు సందులోకి తీసి ఇంజను నడుస్తుండగానే సీటు సరిచేసుకుంటున్నాను. అత్తయ్య క్యారేజీ తెచ్చి పక్క సీట్లో పెట్టింది. తలుపు వేసింది. నేను గేరు వేయబోయేసరికి ఆమె బండి ముందుకొచ్చి నిలబడింది.

"జరగండత్తయ్యా, టైమైపోతోంది."

జరగలేదు. సందు చివర రోడ్డు మీద ఒక లారీ పెద్దగా హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆమె తల తిప్పి అటు చూసింది. అది పోయిన వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. అద్దం లోంచి ఆ ముఖం నాకు బాగా కనిపించింది. భయం, నాకున్న భయమే.

ఈలోగా నా వెనక ఒక ఆటో వచ్చి ఆగింది. పత్తి గింజలు పెట్టడానికి పోయే ఆడవాళ్ళు నిండా ఉన్నారు. ఇరుకుసందు, నా కారు కదిలితే తప్ప వాళ్ళు పోలేరు. ఆటోవాడు హారన్ కొట్టాడు.

అత్తయ్య కొంగు తలమీదకు లాక్కుంది. బానెట్ మీద చెయ్యి పెట్టింది. ఇంజను వేడికి చెయ్యి ఒకసారి తీసి, మళ్ళీ పెట్టింది.

"దేవా, తండ్రీ, నీకు వందనాలు" అంది. గొంతు జీరగా వచ్చింది. ఆగింది. ఇంజను చప్పుడు అడ్డం వస్తోందని నేను ఆపేశాను. "ఇదిగో, ఇది నా కోడలు." నా పేరు చెప్పింది, తన మూడో రకంగానే. "పర్చూరు నుంచి పోయి అద్దంకి కాడ పెద్దరోడ్డెక్కుద్ది. ఆ రోడ్డు మీద సున్నం లారీలొస్తయ్యి. ఆ డ్రైవర్లు నిద్రల్లేని బిడ్డలు, వాళ్ళ కళ్ళు తెరిచి ఉంచు ప్రభువా. ఈ బండి..."

మళ్ళీ ఆగింది. ఆటోలో మాటలు కూడా ఆగిపోయాయి.

"ఈ బండి రినాల్టు. దీన్ని చేసినోళ్ళు ఇంకోరకంగా అంటారంట. నా కొడుకు ఒకటంటాడు, ఈ పిల్ల ఒకటంటది. నాకు ఇదే వచ్చుద్ది. తెల్లది తండ్రీ. పాతది. ఎడమ తలుపు మీద గీత ఉంది, అదీ. అట్టాంటి తెల్లబళ్ళు ఇంకా తిరగతయ్యి, నువ్వు పొరపడబాక. దీన్ని పొద్దున పంపిస్తన్నా, సాయంత్రం నా గుమ్మం ముందు పెట్టు. పిల్లకి కోపమెక్కువ. దారిలో ఎవరితోనూ పేచీ పెట్టుకోకుండా చూడు. యేసు నామంలో అడుగుతన్నా తండ్రీ."

ఆమె అక్కడ ఆగింది. కళ్ళు తెరవలేదు. చెయ్యి తీయలేదు. ఎదురుచూస్తోందని నాకు తెలుసు. నేను నోరు తెరిచాను కానీ ఏడుపు అడ్డుపడి మాట పెగల్లేదు.

వెనక ఆటోలోంచి, "ఆమేన్!" అని వినిపించింది. ఒక్కరు కాదు, అందరూ. పేటవాళ్ళూ, రైతుల వీధి నుంచి కూలికొచ్చిన బొట్లవాళ్ళూ, గడ్డపలుగులు పట్టుకుని ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్న ఆడవాళ్ళంతా, చేను ఆ చివరనున్న మనిషిని పిలిచేటంత గట్టిగా అన్నారు.

అత్తయ్య కళ్ళు తెరిచి, నా కారు వెనకున్న ఆటో వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇక పక్కకు జరుగుతుందనుకున్నాను. ఈలోగా ఆటోవాడు తల బయటపెట్టాడు. నడివయసు మనిషి, సామాన్యంగా ఎవరికీ దారి ఇవ్వని రకం.

"మామ్మా, మా బండిక్కూడా ఒక్కమాట చెప్పు. రోజూ ఇంతమందిని తిప్పుతన్నా."

అత్తయ్య నా కారును వదిలేసి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, బురదలో జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ ఆటో దగ్గరకు వెళ్ళింది. ముందు అద్దం మీద చెయ్యి వేసింది. కళ్ళు మూసుకోబోయి, ఆగి, అతని వైపు చూసింది.

"దీని పేరేందయ్యా?"

"పియాజియో, మామ్మా. ఇటలీ వాళ్ళదంట."

"ఇంకోసారి చెప్పు."

అతను చెప్పాడు. ఆమె పెదవులు కదుపుకుంటూ ఆ పేరును నోట్లో అటూ ఇటూ తిప్పింది. నేను తాళం తీసి కిందికి దిగాను. ఆమేన్ అనేటప్పుడు ఈసారి నేనూ ఉండాలి. కొత్త స్కూలుకు మొదటి రోజే ఆలస్యంగా వెళ్ళాను.